అర్ధరాత్రి దానంతట అదే రీస్టార్టయ్యే కంప్యూటర్: ఆటో అప్‌డేట్లు ఆపేయాలా? టైమ్ మీ చేతిలోకి ఎలా తెచ్చుకోవాలి?

దరఖాస్తుకు ఈ రాత్రే ఆఖరి గడువు అనుకోండి. పరిటాలలోనో, నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో మీరు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఫొటో, సంతకం స్కాన్ చేసి పెట్టుకున్నారు. సగం ఫారం నింపి, అన్నం తిని వచ్చేసరికి తెర మీద చుక్కల చక్రం ఒకటి తిరుగుతూ ఉంది. అప్‌డేట్ జరుగుతోందట, 27 శాతం అయిందట, కంప్యూటర్ ఆపేయొద్దట. ఆ 27 కాస్తా 28 అయ్యేలోపు కరెంటు పోయింది.

ఇలాంటి రాత్రి ఒక్కటి చూసినవాళ్లు మర్నాడు సాధారణంగా చేసే పని ఒకటుంది. తెలిసిన కుర్రాణ్ని పిలిచి, "ఈ అప్‌డేట్ల గోల ఇక లేకుండా చెయ్యి బాబూ" అంటారు. అతను ఏదో టూల్ వేసి అప్‌డేట్లను పూర్తిగా ఆపేసి వెళ్తాడు. కొన్ని నెలలు హాయిగా ఉంటుంది.

మీ కోపం న్యాయమైనదే. కానీ ఆ మందు మాత్రం తప్పు. ఎందుకో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు, కృష్ణా జిల్లాలోనే ఉదాహరణ ఉంది.

2017 మేలో ఏం జరిగింది?

పరిటాల ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని పోలీసు యూనిట్ల పేర్లు అప్పటి వార్తల్లో వచ్చాయి.

కంప్యూటర్ తెరిస్తే ఫైళ్లన్నీ తాళం పడి ఉండేవి. తాళం తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ పంపాలని తెర మీద ఎర్రటి పెట్టెలో బెదిరింపు. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు ఇదే గతి పట్టింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది.

అసలు విషయం ఇక్కడుంది. వానాక్రై లోపలికి దూరిన ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి సుమారు రెండు నెలల ముందు. ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలోకి ఈ పురుగు ఆ దారిన రాలేకపోయింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. వాటికి మందు వచ్చి ఉన్నా ఎవరూ వేయలేదు, లేదా ఎవరో ఆపేసి పెట్టారు.

ఇంకో మెలిక కూడా ఉంది. వానాక్రై ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు పాకింది. "నేను అనుమానపు సైట్లకు వెళ్లను, నాకేం కాదు" అనే ధీమా అందుకే చాలదు. మీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నవి ఏమిటో ఒకసారి తలచుకోండి: పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్న బ్రౌజర్, పదేళ్ల పెళ్లి ఫొటోలు.

సరే, మరి రీస్టార్ట్ ఎందుకు?

ఫోన్‌లో యాప్ అప్‌డేట్ అయితే మనకు తెలియను కూడా తెలియదు. కంప్యూటర్ మాత్రం ఎందుకింత హడావిడి చేస్తుంది?

విండోస్ నడుస్తున్నంతసేపూ దాని ముఖ్యమైన ఫైళ్లు వాడుకలో ఉంటాయి. వాడుకలో ఉన్న ఫైలును మార్చడానికి విండోస్ ఒప్పుకోదు. నడుస్తున్న మోటారుకు బేరింగ్ మార్చలేం కదా. అందుకని కొత్త ఫైళ్లను ముందే దించుకుని పక్కన పెట్టుకుంటుంది. మీరు పని చేసుకుంటున్నప్పుడే చేయగలిగిందంతా చేస్తుంది. మిగిలిన ఆ కాస్త పనిని మాత్రం విండోస్ పూర్తిగా మేల్కోకముందు, అంటే రీస్టార్ట్ మధ్యలో చేయాలి.

ఆ సమయంలో కనిపించే శాతాల్ని గడియారంలా చూడకండి. 30 శాతం దగ్గర ఇరవై నిమిషాలు ఆగి, అక్కడి నుంచి ఒక్క గెంతులో 75కు వెళ్లవచ్చు. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఇదే పని ఎస్‌ఎస్‌డీ ఉన్నదానికంటే చాలా రెట్లు ఎక్కువసేపు పడుతుంది. డిస్క్ లైటు మిణుకుమంటూ ఉంటే పని జరుగుతున్నట్టే. ఓపిక పట్టండి.

మధ్యలో కరెంటు పోతే? చాలాసార్లు విండోస్ తిరిగి వచ్చాక, చేసిన మార్పుల్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి పాత స్థితికి వెళ్తుంది. మళ్లీ ఇంకో రోజు మొదలుపెడుతుంది. కానీ ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు. కొన్ని కంప్యూటర్లు అసలు లేవకుండా పడిపోతాయి. ఎండాకాలంలో, గాలివానల రోజుల్లో మెట్ట ప్రాంతపు ఊళ్లలో డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఈ భయం ఉత్త భయం కాదు.

నెలకోసారి, రెండో మంగళవారం

అప్‌డేట్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నాయని మనకు అనిపిస్తుంది గానీ, వాటికో క్యాలెండర్ ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు విడుదల చేస్తుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు. మనకు అది మంగళవారం రాత్రి పదిన్నర, అక్కడి చలికాలంలో అయితే పదకొండున్నర.

అంటే ఆ బుధవారం, గురువారం మీ కంప్యూటర్ కొంచెం మందంగా నడుస్తుంటే, నెట్ నెమ్మదిగా ఉంటే కారణం ఇదే కావచ్చు. ముఖ్యమైన దరఖాస్తు, ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూ ఆ వారంలో ఉంటే ముందే జాగ్రత్తపడటానికి ఈ ఒక్క వివరం చాలు. గోడ మీద క్యాలెండర్‌లో రెండో మంగళవారానికి ఒక సున్నా చుట్టండి.

నెలాఖరు వైపు ఇంకో రకం అప్‌డేట్లు వస్తాయి. వచ్చే నెల ఇవ్వబోయే మార్పుల్ని ముందుగా రుచి చూపించేవి. ఇవి తప్పనిసరి కాదు. విండోస్ 11లో విండోస్ అప్‌డేట్ పేజీలో, కొత్తవి రాగానే అందరికంటే ముందు నాకివ్వు అనే అర్థం వచ్చే ఒక మీట ఉంటుంది. ఇంటి కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉండనివ్వండి. కొత్త సినిమాకు మొదటి ఆట చూడాలన్న ఉత్సాహం ఇక్కడ పనికిరాదు.

అప్‌డేట్లే కొంప ముంచిన సందర్భాలు లేవా?

ఉన్నాయి. ఆ భయం ప్రజల్లో ఊరికే పుట్టలేదు.

2018 అక్టోబర్ 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్, కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలను చెరిపేసింది. నాలుగు రోజులకు మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. 2024 జులైలో వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు బిట్‌లాకర్ రికవరీ కీ ఇస్తే తప్ప తెరుచుకోబోమని మొండికేశాయి. 2025 అక్టోబర్‌లో ఇంకో వింత. విండోస్ 11లో కంప్యూటర్ పాడైతే బాగుచేసుకునే రికవరీ తెర దగ్గరికి వెళ్తే, అక్కడ యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. వారం తిరక్కుండానే మందు ఇచ్చారనుకోండి.

ఇక చాలామందిని ఏళ్ల తరబడి విసిగించినది చిన్న విషయం. "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" నొక్కి పడుకుంటారు. పొద్దున లేచి చూస్తే కంప్యూటర్ ఆన్‌లోనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూ. మనమే తప్పు నొక్కామేమో అనుకున్నాం. తప్పు మనది కాదు. విండోస్ 11లో దానికి మందు 2025 అక్టోబర్ చివరి ప్రివ్యూ అప్‌డేట్‌తో గానీ రాలేదు.

2024 జులై 19 నాటి గందరగోళాన్ని కూడా చాలామంది విండోస్ అప్‌డేట్ ఖాతాలోనే వేస్తారు. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. ఆ ఫొటో మీ వాట్సాప్‌కూ వచ్చే ఉంటుంది. కానీ అది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన తప్పుడు ఫైలు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. పెద్ద సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ అది. మీ ఇంట్లో అది ఉండే అవకాశం దాదాపు లేదు.

అప్‌డేట్ వేస్తే ఒకటీ అరా ఇబ్బంది రావచ్చు. వేయకపోతే వచ్చేది ఒకే ఒక్క ఇబ్బంది, కానీ అన్నీ పోతాయి. ఈ రెండిటి మధ్య మనకున్న దారి, అప్‌డేట్ వేయడం, కానీ అది వచ్చిన మరుక్షణమే కాకుండా మనకు తీరికున్న వేళ వేయడం.

ఎవరి కంప్యూటర్, ఎవరి పెత్తనం?

నిజాం రోజుల్లో పరిటాల చుట్టూ ఉన్నదంతా బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా, పరిటాల మాత్రం నిజాం ఏలుబడి. ఇంట్లో కంప్యూటర్ పరిస్థితి కొంచెం అలాగే ఉంటుంది. ఇల్లు మీది, కరెంటు బిల్లు మీది, యంత్రం మీది. దాని లోపల పాలన ఇంకెవరిదో.

ఇది మాటవరసకు అన్నది కాదు. విండోస్ లైసెన్స్ ఒప్పందంలోనే, ప్రత్యేకంగా చెప్పకుండా ఆటోమేటిక్ అప్‌డేట్లు అందుకోవడానికి మీరు సమ్మతిస్తున్నారని రాసి ఉంటుంది. మొదటిసారి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు చదవకుండా నొక్కిన "యాక్సెప్ట్" అదే.

2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఆఫీసుల కోసం అమ్మే ప్రో రకానికి అప్‌డేట్లు వాయిదా వేసుకునే వీలిచ్చారు. ఇళ్లలో ఉండే హోమ్ రకానికి ఇవ్వలేదు. వారం చొప్పున ఆపుకునే బటన్ హోమ్ వాళ్లకు 2019 మేలో గానీ దక్కలేదు. ఆ నాలుగేళ్లూ ఇళ్లలోని కంప్యూటర్లు అప్‌డేట్ల మీద ప్రయోగశాలలుగా పనికొచ్చాయని ఎవరైనా అంటే కాదనడం కష్టం. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. ఉన్న మీటలు వాడుకోవడం తెలియాలంతే.

మొదట మార్చాల్సినవి

సెట్టింగ్స్ తెరిచి విండోస్ అప్‌డేట్‌లోకి, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి.

అక్కడ "యాక్టివ్ అవర్స్" ఉంటుంది. మీరు కంప్యూటర్ వాడే వేళలు అన్నమాట. ఆ వేళల్లో విండోస్ తనంతట తాను రీస్టార్ట్ చేయదు. మామూలుగా దీన్ని మీ అలవాటు చూసి విండోస్ లెక్కగట్టుకుంటుంది. ఆ లెక్క పట్నంలో ఆఫీసు వేళలకు సరిపోతుందేమో గానీ, పగలు పొలం పనో షాపో చూసుకుని రాత్రి తొమ్మిదికి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు తప్పుతుంది. మాన్యువల్‌కు మార్చి మీరే పెట్టండి. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వవచ్చు. ఉదయం 7 నుంచి రాత్రి 1 దాకా పెడితే అర్ధరాత్రి దరఖాస్తులకూ ఢోకా ఉండదు.

అదే పేజీలో, రీస్టార్ట్ అవసరమైనప్పుడు ముందుగా నాకు చెప్పు అనే మీట ఒకటి ఉంది. అది ఆన్ చేయండి. చాలా కంప్యూటర్లలో ఆఫ్‌లో ఉంటుంది. మన తిట్లలో సగం ఈ ఒక్క మీట వల్లే.

తర్వాతది "పాజ్". ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఈఏపీసెట్‌కో, జేఈఈకో, ఏపీపీఎస్సీకో దరఖాస్తు పెట్టే వారం ముందు దీన్ని నొక్కండి. ఒకసారి నొక్కితే ఒక వారం. అలా మొత్తం 35 రోజులదాకా పొడిగించవచ్చు. ఆ తర్వాత ఆగి ఉన్న అప్‌డేట్లన్నీ వేసుకుంటేనే మళ్లీ పాజ్ ఇస్తుంది. పని అయిపోగానే మీరే వెళ్లి పాజ్ తీసేయండి. ఆదివారం మధ్యాహ్నం, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, భోజనానికి కూర్చునే ముందు అప్‌డేట్ మొదలుపెడితే మీరు లేచేసరికి చాలావరకు అయిపోతుంది.

సర్వీసెస్ లిస్టులోకి వెళ్లి అప్‌డేట్ సర్వీసును ఆపేయమని యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. వాటి వెంట పడకండి. ఆగిపోయిన అప్‌డేట్ భాగాల్ని తిరిగి లేపడానికే విండోస్‌లో వేరే సర్వీసు ఉంది. మీరు ఆపుతారు, అది లేపుతుంది. దాన్నీ చంపే టూల్ వేస్తే, కొన్నాళ్లకు మీరే అప్‌డేట్ వేద్దామన్నా పడవు. పైరేటెడ్ విండోస్‌ను యాక్టివేట్ చేసే టూళ్లతో ఇంకో ప్రమాదం. అవి యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి. ఇంటికి తాళం తీసిపెట్టి దొంగను కాపలా ఉంచడమే అది.

మ్యాక్ వాడేవాళ్లకు ఈ గోల కొంత తక్కువ. అక్కడా ఆటో అప్‌డేట్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో జనరల్ కింద సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో చూసుకోండి.

డేటా అయిపోతోందా?

ఒక నెల అప్‌డేట్ కొన్ని వందల ఎంబీల నుంచి జీబీ దాటే దాకా ఉండవచ్చు. ఏపీ ఫైబర్‌నెట్ లాంటి కనెక్షన్ ఉన్న ఇంట్లో అది లెక్కలోకి రాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు జీబీన్నర ప్యాక్‌తో నడిపే ఇంట్లో మాత్రం పొద్దున్నే డేటా ఖాళీ.

దీనికి మందు "మీటర్డ్ కనెక్షన్". సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు వెళ్లి, మీరు కలిపిన హాట్‌స్పాట్ పేరు నొక్కితే ఈ మీట కనబడుతుంది. అది ఆన్‌లో ఉంటే చాలా అప్‌డేట్లను మీ అనుమతి లేకుండా దించుకోదు. అలాగని నెలల తరబడి అలాగే వదిలేస్తే మళ్లీ వానాక్రై కథే. నెలకోసారి వైఫై ఉన్న చోటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అప్‌డేట్ చేసుకు రండి. ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే డెలివరీ ఆప్టిమైజేషన్‌లో స్థానిక నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల నుంచి తెచ్చుకునే మీట ఆన్ చేయండి. ఒకటి దించుకున్నది రెండోదానికి పంచుతుంది.

కరెంటు సంగతి. డెస్క్‌టాప్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కంప్యూటర్‌ను సవ్యంగా ఆపుకోవడానికి సరిపోతుంది గానీ, హార్డ్ డిస్క్ మీద నడిచే అప్‌డేట్‌ను చివరిదాకా మోయలేకపోవచ్చు. ఇంటి ఇన్వర్టర్‌కు కలిపి ఉంటే మంచిది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండా ఉంచి, చార్జర్ కూడా పెట్టి మొదలుపెట్టండి. మరమ్మతుల కోసం సరఫరా ఆపే రోజులుంటాయి కాబట్టి, అనుమానముంటే 1912కు ఫోన్ చేసి కనుక్కోండి.

అప్‌డేట్ అయ్యాక ప్రింటర్ పనిచేయకపోతే

కంగారులో విండోస్ మొత్తం మళ్లీ వేయించకండి. విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్ హిస్టరీ ఉంటుంది. అందులో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ నొక్కితే ఈమధ్య వచ్చినవి తేదీలతో కనిపిస్తాయి. సమస్య మొదలైన రోజు వచ్చినదాన్ని తీసేసి, ఒక వారం పాజ్ పెట్టండి. ఈలోగా ప్రింటర్ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ వేసి చూడండి. వెర్షన్ మొత్తం మారిన పెద్ద అప్‌డేట్ అయితే సాధారణంగా పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలుంటుంది. పదకొండో రోజు ఆ బటన్ పనిచేయదు.

ఈ పేరా మాత్రం చదివి ఊరుకోకుండా ఇవాళే చేయండి. ఈమధ్య కొన్న ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ మొత్తానికి దానంతట అదే తాళం పడుతుంది. దొంగ ఎత్తుకుపోయినా డేటా చదవలేడు. మంచిదే. కానీ ఏదైనా అప్‌డేట్ తేడా కొడితే ఆ తాళం మిమ్మల్ని కూడా ఆపుతుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రంగా ఉంటుంది, కానీ ఆ అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది? చాలా ఇళ్లలో దాన్ని షాపులో కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో తెరిచి ఉంటాడు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. కీ లేకపోతే ఫొటోలు తిరిగి రావు. మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. ఇప్పుడే అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసి, పాస్‌బుక్కులు పెట్టే చోట పెట్టండి.

విండోస్ 10 ఉన్నవాళ్ల సంగతేంటి?

అప్‌డేట్లు విసిగిస్తున్నాయని బాధపడేవాళ్లు ఒకవైపు. అసలు అప్‌డేట్లే రాని కష్టం ఇంకోవైపు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోలేదు, ఆగిపోదు కూడా. కొత్తగా బయటపడే కన్నాలను పూడ్చేవాళ్లు ఉండరంతే. 2020 జనవరి 14న విండోస్ 7కు జరిగింది కూడా ఇదే. అది జరిగిన మూడేళ్లకు, 2023 ఆరంభంలో, ఆ కంప్యూటర్లకు క్రోమ్ కొత్త వెర్షన్లు కూడా ఆగిపోయాయి. పాత బ్రౌజర్‌తో ప్రభుత్వ పోర్టళ్లు, బ్యాంకు సైట్లు క్రమంగా మొరాయిస్తాయి.

విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే చాలావరకు ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు కొన్న కంప్యూటర్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. అలాంటివారి కోసం మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు పెట్టింది. 30 డాలర్లు కట్టి తీసుకోవచ్చు. కానీ కట్టక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, విండోస్ బ్యాకప్‌లో సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే ఉచితమే. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది. దీన్ని చేసిపెట్టడానికి ఎవరైనా వెయ్యి రూపాయలు అడిగితే ఇవ్వకండి, పది నిమిషాల పని.

డీటీపీ సెంటర్ల బాధ వేరు. నందిగామలో గానీ, ఏ తెలుగు పట్నంలో గానీ, శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. కొత్త విండోస్‌లో అవి నడవవేమోనన్న భయంతో పాత కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వరు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం, బతుకుతెరువు అది. వారికి ఒక మధ్యేమార్గం: ఆ పాత యంత్రానికి ఇంటర్నెట్ తీగ తీసేయండి. టైపింగ్, డిజైన్ అక్కడ. మెయిల్, వాట్సాప్, చెల్లింపులు వేరే కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో. పెన్‌డ్రైవ్‌ను మాత్రం ప్రతిసారీ స్కాన్ చేయండి.

బ్రౌజర్ ఒక్కటే వాడే ఇంటి కంప్యూటర్ అయితే ఉబుంటు, లినక్స్ మింట్, లేదా మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉచితంగా వేసుకోవచ్చు. ముందు ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి.

గడువు రాత్రి కంప్యూటర్ పడిపోతే?

మొదట ఫోన్ తీయండి. చాలా దరఖాస్తు పోర్టళ్లు ఫోన్ బ్రౌజర్‌లో, డెస్క్‌టాప్ సైట్ అనే ఆప్షన్ పెడితే తెరుచుకుంటాయి. ఫొటో, సంతకం ఫైళ్లను ముందే మీకు మీరు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపుకుని ఉంటే పని అయిపోతుంది. ఈ అలవాటు ఒక్కటి చేసుకుంటే అప్‌డేట్ ఏ రాత్రి వచ్చినా భయం ఉండదు.

పగలైతే మీసేవ కేంద్రం ఉంది, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు. ధ్రువపత్రాల వంటి రాష్ట్ర ప్రభుత్వ సేవలు చాలావాటికి అసలు కంప్యూటరే అక్కర్లేదు. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009కు సందేశం పంపితే చాలు.

నష్టం జరిగితే అడిగే హక్కు ఉందా? 2016లో కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒక మహిళ, అడగకుండా మొదలైన విండోస్ 10 అప్‌గ్రేడ్ వల్ల తన ఆఫీసు కంప్యూటర్ పనికిరాకుండా పోయిందని కోర్టుకెక్కి, మైక్రోసాఫ్ట్ నుంచి 10,000 డాలర్లు రాబట్టారు. ఇక్కడైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ అప్‌డేట్ తర్వాత లేవకపోతే బిల్లు పట్టుకుని ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌కే వెళ్లండి, బయట విప్పించకండి. గడువు దాటిన దరఖాస్తుకు మాత్రం కంప్యూటర్ అప్‌డేట్‌ను కారణంగా ఒప్పుకునే బోర్డు ఉంటుందని ఆశపడొద్దు.

ఇది అసలు అప్‌డేటేనా?

అచ్చం విండోస్ అప్‌డేట్ తెరలాగే కనిపించే నకిలీలు ఇప్పుడు తిరుగుతున్నాయి. నెట్‌లో ఏదో చూస్తుండగా తెరంతా నిండిపోయి, శాతాలు కదులుతాయి. చివర్లో, అప్‌డేట్ పూర్తి కావాలంటే కీబోర్డుపై విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, తర్వాత కంట్రోల్, వి నొక్కి ఎంటర్ కొట్టమంటుంది. అలా చేస్తే వాళ్ల ప్రోగ్రామును మీ చేత్తో మీరే నడిపించినట్టు. అసలైన అప్‌డేట్ మిమ్మల్ని ఏ బటన్లూ వరసగా నొక్కమని అడగదు. తెర మీద ఫోన్ నంబరు ఇచ్చి మైక్రోసాఫ్ట్‌కు కాల్ చేయమన్నా అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్లు ఉండవు.

అలాంటి తెర కనిపిస్తే ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. బ్రౌజర్ మూతపడితే అది నకిలీ అన్నమాట. కంప్యూటర్‌లో ఏదైనా చేరిందేమోనని అనుమానముంటే, కేంద్ర ప్రభుత్వ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో శుభ్రం చేసే టూళ్లు ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. బ్యాంకు నుంచి మొత్తం ఇంకో ఖాతాకు జారిపోకముందే ఆపగలిగేది మొదటి కొద్ది గంటల్లోనే.